పది ప్రోగ్రాములు, ఒకే లైబ్రరీ



2018 ఫిబ్రవరి నెల. ప్రపంచమంతటా ఐఫోన్ వాడేవాళ్ళని ఒక తెలుగు అక్షరం హడలెత్తించింది. అవును, తెలుగు అక్షరమే. జ్ఞానం అనే మాటలో మొదట వచ్చే 'జ్ఞా'. మామూలుగా టైపు చేస్తే దానితో ఏ ఇబ్బందీ లేదు. కానీ ఆ అక్షరం మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఇరుక్కుంటే మాత్రం పెద్ద గొడవే. అలాంటి 'జ్ఞా' ఉన్న సందేశం వచ్చిందంటే, దాన్ని తెరమీద చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూతపడేది. అదే నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోమ్ స్క్రీన్ కూడా కుప్పకూలేది.

అయితే అసలు వింత అది కాదు. మూతపడింది ఒక్క యాప్ కాదు. వాట్సాప్ మూతపడింది. ఫేస్‌బుక్ మెసెంజర్ మూతపడింది. గూగుల్ వారి జీమెయిల్, మైక్రోసాఫ్ట్ వారి అవుట్‌లుక్, చివరికి యాపిల్ వారి సొంత మెసేజెస్ కూడా. రాసినవాళ్ళు వేరు. కంపెనీలు కూడా చాలావరకు వేరు. ఎవరి కోడ్ వాళ్ళది. అయినా అన్నీ ఒకే అక్షరానికి, ఒకే రకంగా పడిపోయాయి.

ఎందుకని?

ఎందుకంటే, ఆ యాప్‌లలో ఏదీ అక్షరాలను సొంతంగా గీసుకోదు. ఐఫోన్‌లో హల్లుకు ఒత్తు తగిలించడం, గుణింతం సరిచూడడం, అక్షరాన్ని తెరమీద కూర్చడం, ఇదంతా కోర్‌టెక్స్ట్ అనే లైబ్రరీ పని. అది ఫోన్‌తోపాటే వస్తుంది. యాప్‌లన్నీ ఆ పని దానికే అప్పగిస్తాయి. పొరపాటు అందులో ఉంది. ఫిబ్రవరి 19న యాపిల్ దాన్ని సరిదిద్ది, ఐఓఎస్ 11.2.6 అనే అప్‌డేట్‌గా పంపింది. దానికోసం జీమెయిల్ మారలేదు. వాట్సాప్ మారలేదు. అయినా అన్నీ ఒక్కసారే కోలుకున్నాయి.

తప్పు ఒక్కచోట ఉంటే అన్నీ పడ్డాయి. ఒక్కచోట దిద్దితే అన్నీ లేచాయి. శ్రోతలు ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోవాలి. ఈ ప్రసంగంలో ఇవే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

ఇక విషయంలోకి వెళ్దాం. పెద్ద ప్రోగ్రామ్‌ను ఎవరూ ఒకే ముద్దగా రాయరు. భాగాలుగా రాస్తారు. ఒక్కో భాగాన్నీ మాడ్యూల్ అంటారు. మనిషి రాసిన కోడ్‌ను యంత్రం అర్థం చేసుకునే అంకెల్లోకి మార్చడాన్ని కంపైల్ చేయడం అంటారు. ఒక మాడ్యూల్‌ను ఒక బృందం ఈ ఏడాది కంపైల్ చేయవచ్చు. మరొక బృందం మరొక మాడ్యూల్‌ను ఐదేళ్ళ కిందటే చేసి ఉండవచ్చు. రెండూ ఒకే కంప్యూటర్‌లో, ఒకే ప్రోగ్రామ్‌లో కలిసి పనిచేయాలి.

అయితే ఏ మాడ్యూల్‌కైనా కొన్ని రోజువారీ అవసరాలుంటాయి. ఫైలు తెరవాలి. అంకెను అక్షరాలుగా మార్చి చూపించాలి. మెమరీలో కాస్త చోటు అడిగి తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. ఈ పనులు చేసిపెట్టే కోడ్ ప్రతి ప్రోగ్రామింగ్ భాషకూ సిద్ధంగా ఉంటుంది. దాని పేరే రన్‌టైమ్ లైబ్రరీ. అంటే, ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ పక్కన ఉండాల్సిన లైబ్రరీ అన్నమాట.

ఈ లైబ్రరీని వాడుకోవడానికి దారులు రెండు. మొదటిది, ప్రతి మాడ్యూల్ తనకు కావలసిన లైబ్రరీ కోడ్‌ను తనలోకే నకలు చేసుకోవడం. దీన్ని స్టాటిక్ లింకింగ్ అంటారు. రెండోది, లైబ్రరీని ఒకేచోట ఉంచి, నడిచేటప్పుడు అందరూ అక్కడికే వచ్చి వాడుకోవడం. ఇది డైనమిక్ లింకింగ్. ఇక్కడ లైబ్రరీ ఉమ్మడి సొత్తు. ఒకటి సొంత నకలు, రెండోది ఉమ్మడి. ఈ తేడా ఒక్కటీ పట్టుకుంటే మిగతా కథంతా సులువే.

ఈ కథ మొదలైంది ఇంగ్లండ్‌లో, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో. అక్కడ మారిస్ విల్క్స్ బృందం తయారుచేసిన ఎడ్సాక్ అనే కంప్యూటర్ 1949 మే నెలలో తొలిసారి ప్రోగ్రామ్ నడిపింది. అప్పట్లో ప్రోగ్రామ్ అంటే చిల్లులు పొడిచిన కాగితపు టేపు. వర్గమూలం కట్టాలన్నా, జవాబు అచ్చు వేయాలన్నా ప్రతివాళ్ళూ మొదటినుంచీ రాసుకోవాలి. డేవిడ్ వీలర్ అనే యువకుడు, ఆయన సహచరులు దీనికో ఉపాయం చేశారు. అందరికీ పనికొచ్చే చిన్న చిన్న ప్రోగ్రాములను విడి టేపులుగా తయారుచేసి బీరువాలో వరసగా పెట్టారు. ఎవరికి ఏది కావాలో వాళ్ళు ఆ టేపు తీసి, దాని చిల్లులను తమ టేపు మీదికి యంత్రంతో నకలు చేసుకుని, అసలు టేపును బీరువాలో పెట్టేసేవారు.

చూశారా, ఇది సొంత నకలు పద్ధతి. బీరువాలోని టేపులో ఆ తరవాత తప్పు బయటపడి దిద్దితే, అంతకుముందే నకలు తీసుకున్నవాళ్ళ టేపుల్లో పాత తప్పు అలాగే ఉండిపోతుంది. ఈ చిక్కు అప్పుడు పుట్టింది. ఇప్పటికీ పోలేదు.

ఉమ్మడి పద్ధతిని పూర్తి రూపంలో ఆలోచించింది అమెరికాలో, మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారీలో. ఎమ్.ఐ.టి., బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి 1960ల మధ్యలో తలపెట్టిన పని అది. మల్టిక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను పేరు పెట్టి పిలిచిన క్షణంలోనే, సిస్టమ్ దాన్ని వెతికి తెచ్చి జతచేసేది. కానీ దాని తరవాత వచ్చిన యునిక్స్ సాదాగా ఉండాలని కోరుకుంది. అక్కడ చాలాకాలం సొంత నకళ్ళే రాజ్యమేలాయి.

1980లలో పరిస్థితి మారింది. తెరమీదికి కిటికీలు, బటన్లు, మెనూలు వచ్చాయి. వాటిని గీసే లైబ్రరీలు చాలా పెద్దవి. గడియారం చూపించే చిన్న ప్రోగ్రామ్ కూడా ఆ లైబ్రరీ మొత్తాన్ని కడుపులో పెట్టుకోవాల్సి వచ్చింది. పది ప్రోగ్రాములు తెరిస్తే ఒకే కోడ్ మెమరీలో పదిసార్లు. మెమరీయేమో ఆ రోజుల్లో చాలా ఖరీదు. అందుకే 1985లో వచ్చిన తొలి విండోస్ మొదటినుంచీ ఉమ్మడి లైబ్రరీల మీదే నిలబడింది. వాటికి డి.ఎల్.ఎల్. అని పేరు. 1988లో సన్ కంపెనీ తన సన్‌ఓఎస్ 4.0 లో యునిక్స్ ప్రపంచానికి ఉమ్మడి లైబ్రరీలను అందించింది.

ఇందులో ఒక కిటుకు ఉంది. ఉమ్మడి లైబ్రరీలో రెండు భాగాలుంటాయి. ఒకటి కోడ్. అది మారదు. కాబట్టి మెమరీలో ఒక్క ప్రతి ఉంటే చాలు, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ దాన్నే చదువుకుంటాయి. రెండోది ఆ లైబ్రరీ రాసుకునే లెక్కలు. అవి ప్రోగ్రామ్ ప్రోగ్రామ్‌కీ వేరు. కోడ్ ఉమ్మడి, లెక్కలు విడి. మళ్ళీ చెప్పుకుందాం. కోడ్ ఉమ్మడి, లెక్కలు విడి. కాసేపట్లో ఈ లెక్కల దగ్గరే పెద్ద చిక్కు రాబోతోంది.

దానికంటే ముందు ఇంకో చిక్కు చూద్దాం. ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో నలభై దాటినవాళ్ళకు ఇది బాగా గుర్తుండే ఉంటుంది. 1990లలో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్ళలో చాలామంది చేతికి వచ్చిన భాష విజువల్ బేసిక్. హైదరాబాద్ అమీర్‌పేట శిక్షణ కేంద్రాల బోర్డుల మీద ఆ పేరు ఏళ్ళ తరబడి వెలిగింది. విజువల్ బేసిక్‌లో రాసిన చిన్న ప్రోగ్రామ్‌ను ఫ్లాపీలో పెట్టుకుని స్నేహితుడి ఇంటికి వెళ్తే, అక్కడది నడిచేది కాదు. తెరమీద ఒక సందేశం వచ్చేది. వి.బి.రన్ 300 డాట్ డి.ఎల్.ఎల్. దొరకలేదు అని. అదే విజువల్ బేసిక్ మూడో వెర్షన్ రన్‌టైమ్ లైబ్రరీ. ప్రోగ్రామ్ చిన్నది, నిజమే. కానీ పని చేసే కండ అంతా ఆ డి.ఎల్.ఎల్.లో ఉండేది. అది లేని కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేతులెత్తేసేది.

సరే, లైబ్రరీని కూడా ప్రోగ్రామ్‌తో పాటే పంపిస్తే పోలేదా? అందరూ అదే చేశారు. అక్కడే కొంప మునిగింది. ప్రతి సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలరూ తన వెంట తెచ్చిన డి.ఎల్.ఎల్.ను విండోస్ ఉమ్మడి ఫోల్డర్‌లో పెట్టేది. అక్కడ అదే పేరుతో ఇంకొకటి ముందే ఉంటే? మర్యాదగల ఇన్‌స్టాలర్ వెర్షన్ చూసి, కొత్తదైతేనే మార్చేది. మర్యాద లేనిది, చూడకుండానే కొత్తదాని మీద పాతది పరిచేది. అంతే. నిన్నటిదాకా బాగా నడిచిన మరో ప్రోగ్రామ్ ఈ రోజు తెరుచుకోదు. వాడేవాళ్ళకేమో తాము ఏం తప్పు చేశామో తెలియదు. కొత్త గేమ్ వేసుకుంటే పాత అకౌంట్స్ ప్రోగ్రామ్ ఎందుకు పడిపోయిందో ఎవరికి తడుతుంది? ప్రోగ్రామర్లు విసిగిపోయి దీనికి డి.ఎల్.ఎల్. నరకం అని పేరు పెట్టారు.

మైక్రోసాఫ్ట్ దీన్ని రెండు మెట్లలో అదుపులోకి తెచ్చింది. విండోస్ 2000 తన ముఖ్యమైన ఫైళ్ళను ఏ ఇన్‌స్టాలరూ మార్చకుండా కాపలా పెట్టింది. ఆ తరవాత 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, ఒకే లైబ్రరీకి చెందిన వేర్వేరు వెర్షన్లను పక్కపక్కనే ఉంచి, ఏ ప్రోగ్రామ్‌కు ఏ వెర్షన్ కావాలో అదే అందించే ఏర్పాటు చేసింది. నరకం పూర్తిగా పోలేదు గానీ సెగ తగ్గింది.

ఇప్పుడు ఆ లెక్కల సంగతికి వద్దాం. ఈ ప్రసంగానికి గుండెకాయ ఇదే. కాస్త నిదానంగా చెప్పుకుందాం.

ఒక ప్రోగ్రామ్‌లో రెండు మాడ్యూళ్ళు ఉన్నాయి. వాటిని రెండు బృందాలు విడివిడిగా కంపైల్ చేశాయి. రెండూ రన్‌టైమ్ లైబ్రరీని సొంత నకలుగా తమలో కలుపుకున్నాయి. అంటే ఒకే ప్రోగ్రామ్‌లో రన్‌టైమ్ లైబ్రరీ నకళ్ళు రెండు ఉన్నాయి. కోడ్ రెండుసార్లు ఉండడం వల్ల వచ్చే నష్టం కొంచెమే, కాస్త చోటు దండగ. కానీ లెక్కల పుస్తకాలు కూడా రెండున్నాయి. మెమరీలో ఎక్కడ ఎంత చోటు ఎవరికిచ్చామో మొదటి నకలు తన పుస్తకంలో రాసుకుంటుంది. రెండో నకలు తన పుస్తకంలో రాసుకుంటుంది. ఒకరి పుస్తకం సంగతి ఇంకొకరికి తెలియదు.

మొదటి మాడ్యూల్ కొంత చోటు అడిగి తీసుకుంది. అందులో ఒక పేరో, ఒక వాక్యమో రాసింది. దాని చిరునామాను రెండో మాడ్యూల్‌కు ఇచ్చింది. రెండో మాడ్యూల్ దాన్ని చక్కగా చదువుకుంది. ఇంతవరకూ బాగానే ఉంది. పని అయ్యాక రెండో మాడ్యూల్, పాపం మంచి ఉద్దేశంతోనే, ఆ చోటును ఖాళీ చేయమని తన రన్‌టైమ్‌కు చెప్పింది. అదెలా ఉంటుందంటే, సికింద్రాబాద్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టె పెట్టి, ఆ రసీదు తీసుకెళ్ళి కాచిగూడ క్లోక్‌రూమ్‌లో చూపించినట్టు. రసీదు నిజమైనదే. పెట్టె కూడా నిజంగానే ఉంది. కానీ కాచిగూడ పుస్తకంలో ఆ నంబరు లేదు.

మనిషైతే ఇది మాది కాదని చెప్పి పంపించేస్తాడు. లైబ్రరీ అన్నిసార్లూ అలా చెప్పదు. ఒక్కోసారి వెంటనే ఆగిపోతుంది. అది అదృష్టం. ఇంకొన్నిసార్లు ఆ చిరునామాను తనదే అనుకుని తన పుస్తకాన్ని తానే పాడుచేసుకుంటుంది. ప్రోగ్రామ్ అప్పుడు పడిపోదు. ఎప్పుడో, ఏ సంబంధమూ లేని చోట పడిపోతుంది. ప్రోగ్రామర్ అక్కడ వెతుకుతాడు. తప్పు అక్కడ ఉండదు.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రెండు నకళ్ళూ ఒకే వెర్షన్ అయినా ఈ గండం తప్పదు. రెండింటినీ ఒకే కంపైలర్‌తో, ఒకే రోజున తయారుచేసినా తప్పదు. చిక్కు వెర్షన్‌లో లేదు. పుస్తకాలు రెండు కావడంలో ఉంది. తెరిచిన ఫైళ్ళ సంగతీ అంతే. ఒక మాడ్యూల్ రన్‌టైమ్ తెరిచిన ఫైలును ఇంకో మాడ్యూల్ రన్‌టైమ్ తనదిగా గుర్తుపట్టదు.

దీనికి మందు ఏమిటి? మూడు మందులున్నాయి. మొదటిది, మాడ్యూళ్ళన్నీ సొంత నకళ్ళు మానేసి ఒకే ఉమ్మడి రన్‌టైమ్‌ను వాడుకోవడం. పుస్తకం ఒక్కటే అవుతుంది. రెండోది, చోటు ఎవరు తీసుకున్నారో వాళ్ళే తిరిగి ఇవ్వాలన్న కట్టుబాటు. మూడోది, మాడ్యూళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకునే వాటికి మాత్రం ఇద్దరికీ మధ్యస్థంగా ఉండే మెమరీ లెక్కను వాడడం. మైక్రోసాఫ్ట్ వారి కామ్ అనే పద్ధతి 1990లలో ఈ మూడో దారి పట్టింది.

డెల్ఫీ అనే భాష వాడినవాళ్ళకు మరో ఉదాహరణ గుర్తుంటుంది. 1995లో బోర్లాండ్ కంపెనీ విడుదల చేసిన భాష అది. డెల్ఫీలో కొత్త డి.ఎల్.ఎల్. మొదలుపెడితే, ఒక్క లైను రాయకముందే పైన ఒక హెచ్చరిక కనిపించేది. డి.ఎల్.ఎల్.కూ బయటి ప్రోగ్రామ్‌కూ మధ్య అక్షరమాలికలు, అంటే స్ట్రింగులు పంపుకుంటే, షేర్‌మెమ్ అనే మాడ్యూల్ పేరును రెండింటిలోనూ అన్నిటికంటే ముందు రాయాలని. రెండో స్థానంలో రాస్తే కుదరదు. మొదటే ఉండాలి. ఎందుకంటే అంతకుముందు వచ్చిన మాడ్యూల్ ఏదైనా పాత పుస్తకంలో లెక్క మొదలుపెట్టేస్తే, ఆ తరవాత పుస్తకం మార్చినా ప్రయోజనం లేదు. ఆ హెచ్చరికను చదవకుండా చెరిపేసినవాళ్ళు ఆ తరవాత రాత్రుళ్ళు మేలుకున్నారు.

సరే, అందరూ ఉమ్మడి లైబ్రరీనే వాడుతున్నారు అనుకుందాం. అప్పుడైనా గొడవ ఉండదా? ఉంటుంది. 2010లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ లోకంలో జరిగిన సంగతి వినండి.

లినక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ జీలిబ్‌సీ అనే రన్‌టైమ్ లైబ్రరీని వాడుతుంది. అందులో మెమ్‌కాపీ అనే చిన్న పని ఉంది. మెమరీలో ఒకచోట ఉన్నదాన్ని ఇంకోచోటికి నకలు చేయడం. దానికో నియమం ఉంది. ఆ రెండు చోట్లూ ఒకదానిమీద ఒకటి పడకూడదు. పడే పనైతే మెమ్‌మూవ్ అనే వేరే పని వాడాలి. ఈ నియమం పుస్తకాల్లో స్పష్టంగా ఉంది. కానీ పాటించకపోయినా చాలా ఏళ్ళు ఏమీ కాలేదు. పాత మెమ్‌కాపీ మొదటినుంచి చివరికి వరసగా నకలు చేసేది కాబట్టి చాలా సందర్భాల్లో గట్టెక్కేది.

కొత్త ప్రాసెసర్ల మీద వేగం కోసం జీలిబ్‌సీ వాళ్ళు ఆ పనిని తిరగరాశారు. కొన్ని సందర్భాల్లో నకలు చివరినుంచి మొదటికి జరగసాగింది. ఫెడోరా 14 అనే లినక్స్‌లో అది చేరింది. వెంటనే, బ్రౌజర్లలో పాటలూ వీడియోలూ నడిపే ఫ్లాష్ ప్లేయర్‌లో పాటలు గరగరమనడం మొదలైంది. ఫ్లాష్ నియమం తప్పి మెమ్‌కాపీని వాడుతోంది. ఇన్నాళ్ళూ అది బయటపడలేదు. లైబ్రరీ మారగానే బయటపడింది.

తప్పెవరిది? నియమం ప్రకారం ఫ్లాష్‌దే. కానీ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ చర్చలోకి స్వయంగా దిగి, పాట వినేవాడికి నియమంతో పనేమిటని వాదించాడు. నిన్న పనిచేసింది ఈ రోజు ఆగిపోతే వాడేవాళ్ళ దృష్టిలో తప్పు మార్చినవాళ్ళదే అన్నది ఆయన పక్షం. చివరికి 2011లో వచ్చిన జీలిబ్‌సీ 2.14 ఒక రాజీ కుదిర్చింది. ఒకే లైబ్రరీలో మెమ్‌కాపీ రెండు వెర్షన్లుగా నిలిచింది. పాతకాలంలో కంపైల్ అయిన ప్రోగ్రాములకు పాత ప్రవర్తన. కొత్తగా కంపైల్ అయినవాటికి కొత్త వేగం. లైబ్రరీ ఒక్కటే. కానీ ఎవరు ఎప్పుడు కంపైల్ అయ్యారో చూసి, ఎవరికి తగ్గట్టు వాళ్ళకు బదులిస్తుంది.

అంటే ఏమిటన్నమాట? లైబ్రరీని ఉమ్మడిగా వాడుకోవడం అంటే కోడ్‌ను పంచుకోవడమే కాదు. ఒక ఒప్పందాన్ని పంచుకోవడం. అందులో కాగితం మీద ఉన్న షరతులు కొన్ని. ఎవరూ రాయకపోయినా అందరూ అలవాటుపడ్డవి ఇంకొన్ని.

ఈ ఒప్పందం కుదరడానికి యాపిల్ వారి స్విఫ్ట్ భాషకు ఐదేళ్ళు పట్టింది. స్విఫ్ట్ 2014లో వచ్చింది. భాష అప్పటికి ఇంకా ఎదుగుతోంది. ఏడాదికో మార్పు. అలాంటప్పుడు రన్‌టైమ్‌ను ఫోన్‌లో ఉమ్మడిగా పెడితే, నిన్నటి యాప్‌లు రేపటి రన్‌టైమ్‌తో పేచీ పడతాయి. అందుకని స్విఫ్ట్‌లో రాసిన ప్రతి యాపూ తన రన్‌టైమ్‌ను తనే మోసుకొచ్చేది. ఒక ఫోన్‌లో అలాంటి యాప్‌లు ఇరవై ఉంటే రన్‌టైమ్ కూడా ఇరవైసార్లు. 2019 మార్చిలో స్విఫ్ట్ 5 వచ్చింది. మాడ్యూళ్ళు ఒకదాన్నొకటి పిలుచుకునే తీరు ఇకపై మారదని అప్పుడు మాట ఇచ్చారు. దాంతో రన్‌టైమ్ ఐఓఎస్ 12.2 లో భాగమై కూర్చుంది. అప్పటినుంచి ఆ వెర్షన్, ఆ పైవి ఉన్న ఫోన్లకు యాప్‌లు ఆ బరువు లేకుండా దిగసాగాయి.

ఇక భద్రత సంగతి. మొదట్లో చెప్పుకున్న రెండు ముక్కలు ఇక్కడ మరింత పదునెక్కుతాయి. ఒక్కచోట దిద్దితే అన్నీ బాగుపడతాయి. ఒక్కచోట చెడితే అన్నీ చెడతాయి.

ముందు మంచి చూద్దాం. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. ఇంటర్నెట్‌లో రహస్యంగా సమాచారం పంపుకోవడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో అది ఉంది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. కానీ లినక్స్ సర్వర్లు నడిపేవాళ్ళు ఆ ఉమ్మడి లైబ్రరీని మార్చి, దాన్ని వాడుతున్న ప్రోగ్రాములను ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆ కన్నం మూసుకుంది. వెబ్ సర్వర్‌ను తిరిగి కంపైల్ చేయనక్కర్లేదు. మెయిల్ సర్వర్‌నూ అక్కర్లేదు.

సొంత నకళ్ళ దారిలో ఇది ఎంత కష్టమో 2021 డిసెంబర్‌లో తెలిసింది. జావా ప్రోగ్రాములు చిట్టా రాసుకోవడానికి వాడే లాగ్‌ఫర్‌జే లైబ్రరీలో ఘోరమైన లోపం కనిపించింది. జావా లోకంలో ప్రతి అప్లికేషనూ తన లైబ్రరీలను తన మూటలోనే కట్టుకుని వస్తుంది. మూటలో మూట, అందులో ఇంకో మూట. తమ దగ్గర ఆ లైబ్రరీ ఎక్కడెక్కడ ఉందో చాలా కంపెనీలకు అప్పటికప్పుడు తెలియలేదు. దిద్దుబాటు సిద్ధంగానే ఉంది. దాన్ని ఎక్కడ వేయాలో వెతకడమే పెద్ద పనైంది. క్రిస్మస్ సెలవులకు ఇళ్ళకు వెళ్ళాల్సిన ఇంజినీర్లు సర్వర్లలో ఫైళ్ళు వెతుకుతూ కూర్చున్నారు.

ఇప్పుడు ఉమ్మడి దారిలోని ప్రమాదం. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ ఒక చిన్న తేడా గమనించాడు. దూరంగా ఉన్న లినక్స్ కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి ఎప్పుడూ పట్టేదానికంటే అర సెకను ఎక్కువ పడుతోంది. అర సెకనే కదా అని వదిలేయలేదు. తవ్వుకుంటూ పోయాడు. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో ఎవరో దొడ్డిదారి అమర్చారని తేలింది. లాగిన్ చేయించే ప్రోగ్రామ్‌కూ ఫైళ్ళు కుదించే లైబ్రరీకీ అసలు సంబంధమే లేదు. మరి అది అక్కడికెలా వచ్చింది? కొన్ని లినక్స్‌లలో లాగిన్ ప్రోగ్రామ్‌కు సిస్టమ్‌డీ అనే మరో లైబ్రరీని జతచేశారు. సిస్టమ్‌డీ లైబ్రరీ తన అవసరం కోసం ఎక్స్‌జెడ్‌ను వెంట తెచ్చింది. ఒక ఉమ్మడి లైబ్రరీ వెనక ఇంకొకటి వచ్చి, అందరికంటే కీలకమైన ప్రోగ్రామ్ లోపల కూర్చుంది. అదృష్టవశాత్తూ అది జనం విస్తృతంగా వాడే స్థిరమైన విడుదలల్లోకి చేరకముందే పట్టుబడింది.

ఈ అనుభవాలన్నీ చూసి ఈ తరం భాషలు ఒకే దారి పట్టలేదు. గో, రస్ట్ అనే భాషలు మామూలుగా తమ లైబ్రరీలను ప్రోగ్రామ్‌లోకే నకలు చేసుకుంటాయి. మెమరీ చవకైంది. ఒక్క ఫైలును ఎక్కడికైనా తీసుకెళ్ళి నడపగలగడం సర్వర్లు చూసుకునేవాళ్ళకు పెద్ద సుఖం. ఆండ్రాయిడ్‌లో సీ ప్లస్ ప్లస్ వాడేవాళ్ళకు గూగుల్ చెప్పే సలహా ఈ రెండు దారుల మధ్య గీత గీస్తుంది. యాప్‌లో సొంత లైబ్రరీ ఒక్కటే ఉంటే రన్‌టైమ్‌ను అందులోనే కలిపేసుకోవచ్చు. ఒకటికంటే ఎక్కువ ఉంటే మాత్రం అన్నీ ఒకే ఉమ్మడి రన్‌టైమ్‌ను వాడాలి. ఎందుకో శ్రోతలకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. లెక్కల పుస్తకం ఒక్కటే ఉండాలి.

చివరగా ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉన్నవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి. ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాముల జాబితా తెరిస్తే, మైక్రోసాఫ్ట్ విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే పొడవాటి పేరు నాలుగైదుసార్లు కనిపిస్తుంది. 2008 అని ఒకటి, 2010 అని ఒకటి, 2013 అని ఇంకొకటి. ఒక్కో ఏడాదికి మళ్ళీ రెండేసి రకాలు కూడా ఉంటాయి. ఒకే వస్తువు ఇన్నిసార్లు ఎందుకని చాలామంది తీసేస్తుంటారు. తీసేయకండి. అవే ఈ ప్రసంగంలో చెప్పుకున్న రన్‌టైమ్ లైబ్రరీలు. పాత ఏళ్ళవి ఒకదాని బదులు ఇంకొకటి పనికిరావు. 2010 నాటి రన్‌టైమ్‌తో కంపైల్ అయిన గేమ్‌కు 2010దే కావాలి. 2015 నుంచి మాత్రం మైక్రోసాఫ్ట్ పద్ధతి మార్చింది. 2015, 2017, 2019, 2022 నాలుగింటికీ కలిపి ఇప్పుడు ఒక్కటే సరిపోతుంది. వీటికి చెందిన ఫలానా డి.ఎల్.ఎల్. లేదని ఎప్పుడైనా సందేశం వస్తే, ఆ ఒక్క ఫైలును ఏదో తెలియని సైటు నుంచి దించి పెట్టుకోకండి. మైక్రోసాఫ్ట్ సైటుకే వెళ్ళి ఆ ఏడాది రీడిస్ట్రిబ్యూటబుల్ మొత్తం వేసుకోండి. చాలాసార్లు అప్పుడు గేమ్ తెరుచుకుంటుంది.